రాళ్ళ తోటకు నీళ్ళు పోసిన వేసవి

పోయిన నెలలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు శ్రావణి అనీ, సర్కారు తోటకు కొత్తగా వచ్చిన అధికారిణిననీ చెప్పింది. తోటలోని రాళ్ళ వనం దగ్గర దాని చరిత్ర చెప్పే బోర్డు పెడుతున్నారట. "ఎవరు చేసిన్రో, ఎందుకు చేసిన్రో మా ఫైళ్ళల్ల ఎక్కడా లేదు మేడమ్. మీ నాయనగారు అప్పట్ల ఈడ్నే పనిచేసిన్రని తెలిసింది. జర నాలుగు లైన్లు రాసిస్తరా?" అంది. ఆ పిల్ల గొంతులో మర్యాద ఉంది కాబట్టి సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండింది. నాలుగు లైన్లట! మా ఇంట్లో ఒక వేసవంతా ఎవరికీ అన్నం సహించకుండా చేసిన గొడవను నాలుగు లైన్లలో ఎలా ఇరికించను? అయినా బోర్డుకు కావలసిన ముక్క ఏదో రాసి పంపించాను. మిగిలింది కడుపులో ఉబ్బరంగా ఉండిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

తోట వెనక గోడకు ఆనుకుని ఉన్న రెండు గదుల పెంకుటిల్లు మా క్వార్టరు. పెద్ద గేటు పంజాగుట్ట వైపు, మా ఇల్లు అమీర్‌పేట వైపు. మా నాన్న ప్రకాశరావు తోటకు సూపర్‌వైజరు. గేటు బోర్డు మీద వృక్షోద్యానం అని రాసి ఉండేది గానీ ఆ మాటకు నోరు తిరిగినవాళ్ళు తక్కువ, అందరికీ అది సర్కారు తోటే. పొద్దున్న మా ఇంట్లో మొదటి చప్పుడు నల్లాది. అది రోజు విడిచి రోజు వచ్చేది. అమ్మ బిందెలు వరసగా పెట్టి, నిండిన ప్రతిదాని మీదా పలచటి గుడ్డ కప్పేది. ఆ నీళ్ళను ఆవిడ వాడే పద్ధతి చూసి తీరాల్సిందే. బియ్యం కడిగిన నీళ్ళు ఒక గిన్నెలోకి, కూరగాయలు కడిగినవి ఇంకో గిన్నెలోకి, చుక్క కూడా తూములోకి పోయేది కాదు. మధ్యాహ్నానికి వంటింటి మూల ఆ కడుగు నీళ్ళు పులిసి ఒక వాసన లేచేది. ఆదివారం చర్చి నుంచి రాగానే చేసే చేపల పులుసు వాసన కూడా దాన్ని పూర్తిగా మింగలేకపోయేది. బేగంపేటలో దిగే విమానాలు మా పెంకుల మీదుగానే పోయేవి. అలా విమానం వస్తే నాన్న ప్రార్థన మధ్యలో ఆగి, చప్పుడు దాటిపోయాక ఆపిన మాట దగ్గర్నుంచే మళ్ళీ అందుకునేవాడు. మేమంతా కళ్ళు మూసుకుని నవ్వు ఆపుకుంటూ కూర్చునేవాళ్ళం.

మాది కోనసీమ. అక్కడ ఎంత లోతు తవ్వినా మట్టే. మా ఊళ్ళో రాయి అంటే రుబ్బురోలు, సన్నికల్లు, కాలవ గట్టున బట్టలుతికే బండ, అంతే. అవి కూడా ఎక్కణ్ణుంచో పడవలో వచ్చినవి. అలాంటి చోట పెరిగిన నాన్న ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి, తోటలో పడమటి మూలనున్న బండరాళ్ళను చూసి మతి పోగొట్టుకున్నాడు. ఏనుగంత రాయి మీద ఎడ్లబండంత రాయి, దాని మీద ఇంకొకటి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోయేట్టుండి ఎన్నాళ్ళకీ పడని రాళ్ళు. వాటి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పశువును తట్టినట్టు అరచేత్తో తట్టి పలకరించేవాడు. ఇంటికెవరైనా చుట్టాలొస్తే, వాళ్ళు చార్మినార్ చూడాలని ఎంత మొత్తుకున్నా సరే, ముందు మా రాళ్ళు చూసి తీరాలి. "ఒకదాని మీద ఒకటి ఇంత పొందిగ్గా ఎవరు పేర్చారంటావు?" అని అడిగి, జవాబు చెప్పేలోగా తనే ఆకాశం వైపు చెయ్యెత్తి చూపించేవాడు. చుట్టాలు తలూపి, దాహమవుతోంది ఇంటికి పోదాం అనేవాళ్ళు.

అమ్మకు ఆ రాళ్ళంటే పరమ అసహ్యం. పేరు రత్నం, కానీ రాళ్ళమ్మ అని పిలిస్తే తంతుందని నాన్న ఏడిపించేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లో కరివేపాకు మొక్క పెడదామని గునపం వేస్తే నిప్పురవ్వలు లేచాయట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పేదో. పచ్చటి ఊళ్ళోంచి తెచ్చి ఈ బండల మధ్య పడేశారు అని కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఒక మాట విసిరేది. ఆవిడకు వెనక్కి వెళ్ళిపోవాలని ఉండేది, దాచుకున్నది కూడా లేదు. మా ఊరికి దగ్గర్లో, కాకినాడలో నాన్న శాఖకు ఒక నర్సరీ ఉండేది, అక్కడికి బదిలీ అడగమని ఏడాదికేడాది పోరేది. నాన్న అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. చివరికి ఒక రోజు ఆయన నోట ఒక మాట రప్పించింది. ఈ రాళ్ళున్నంతకాలం నేనిక్కడే, ఇవి పోయిన రోజు నాకూ ఇక్కడ పని లేదు, నువ్వన్నట్టే కాకినాడ పోదాం అన్నాడు. రాళ్ళు ఎక్కడికి పోతాయిలే అన్న ధీమాతో అన్న మాట అది.

ఆ మాట అన్న కొన్నాళ్ళకే రాళ్ళకు మూడింది. తోటకు కొత్త డైరెక్టరు గారు వచ్చారు. ఆయనకు పచ్చిక పిచ్చి. పడమటి మూల అంతా చదును చేసి, పచ్చిక పరిచి, పూల ప్రదర్శనలు పెట్టాలన్నది ఆయన కోరిక. బండల్లో తూటాలు పెట్టి పేల్చడానికి మనుషుల్ని కూడా మాట్లాడేశారు. అమీర్‌పేటలో అప్పట్లో ఇళ్ళు లేస్తున్న ప్రతిచోటా ఇదే పని, ఎర్ర గుడ్డ ఊపుతూ ఒకడు అరవడం, అందరం చెవులు మూసుకోవడం, గోడల్లోంచి మట్టి రాలడం. నాన్న ఎవరినీ ఎదిరించి మాట్లాడే మనిషి కాదు. అలాంటిది డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఆ మూలను రాళ్ళ వనం చేస్తాను, ఒక్క వేసవి నాకొదిలేయండి అని అడిగాడు. ఆయన, వానలు మొదలయ్యే నాటికి అక్కడ జనం ఆగి చూసేది ఏదైనా ఉంటే ఉంచుతాను, లేకపోతే తూటాలే అన్నారట. నాన్న గంతులేస్తూ ఇంటికొచ్చి చెప్పాడు. అమ్మ వడ్డిస్తున్న చెయ్యి ఆపి, మంచిదేలెండి అంది. అప్పటికి నాకు అన్నీ అర్థమయ్యే వయసే. ఆ వేసవి గడిస్తే రాళ్ళైనా ఉంటాయి, కాకినాడైనా ఉంటుంది, రెండూ ఉండవని నాకూ తెలుసు.

నాన్న జెముళ్ళ కోసం ఊరంతా గాలించాడు. నాగజెముడు, బొంతజెముడు, కిత్తనార, బెంగుళూరు నుంచి ఎవరినో బతిమాలి తెప్పించిన గుండ్రటి చిన్న చిన్న జెముళ్ళు. తోటమాలి మల్లేశన్న, ఆయనా కలిసి రాళ్ళ సందుల్లో గుంటలు చేసి, కంకర నింపి, ఒక్కొక్కటీ నాటారు. నాటాక నాన్న అందరికీ గట్టిగా ఒకటే చెప్పాడు. వీటికి నీళ్ళు పోయొద్దు, ఎవరూ చుక్క కూడా పోయొద్దు, ఎంత ఎండ కాసినా సరే. మల్లేశన్న సరే సార్ అన్నాడు. సాయంత్రాలు తోటలో నడవడానికి వచ్చే ఆడవాళ్ళు విని ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళలో సగం మంది మా వైపు వాళ్ళే, గుంటూరు, కృష్ణా, గోదావరుల నుంచి భర్తల ఉద్యోగాల వెంట వచ్చినవాళ్ళు. మా పక్క వీధి వరలక్ష్మి గారు వాళ్ళకు పెద్ద దిక్కు. వాళ్ళాయనకు బేగంపేటలో ఒక కంపెనీలో పెద్ద గుమస్తా ఉద్యోగం. ఆవిడ తెనాలి మనిషి, కాలవ నీళ్ళు తాగి పెరిగిన మనిషి.

మా ప్రాంతంలో మొక్కను చూస్తే నీళ్ళు పోయడం, మనిషిని చూస్తే భోంచేశారా అని అడగడం రెండూ ఒకటే. మండుటెండలో మొక్కను ఎండగట్టమన్న మాట వాళ్ళ చెవికెక్కలేదు. నాన్న మొక్కల్ని పస్తులుంచుతున్నాడని జాలిపడ్డారు. ముందు వరలక్ష్మి గారు తాగడానికి తెచ్చుకున్న మరచెంబులోని నీళ్ళు పోశారు. తర్వాత మిగిలినవాళ్ళు. ఇక అమ్మ మామూలుగా ఊరుకునే మనిషా! రోజూ మధ్యాహ్నం నాన్న ఆఫీసులో ఉండే వేళ చూసి, పులిసిన బియ్యం కడుగు తపేలాతో పట్టుకెళ్ళేది. నల్లా నీళ్ళకు కటకటగా ఉన్న రోజుల్లో, పెరట్లో తన కరివేపాకుకు తగ్గించి మరీ వాటికి పోసేది. అది చాలక, కంకరలో ఏం బలముంటుందని, పాలవాడి దగ్గర పేడ అడిగి పుచ్చుకుని, ఎర్రమట్టితో కలిపి మల్లేశన్న చేత గుంటలన్నీ మెత్తించి, నాన్న కంటపడకుండా పైన మళ్ళీ కంకర కప్పించింది. ఆయన మొదట భయపడ్డాడు గానీ, సూపర్‌వైజరు భార్య చెబితే కాదంటాడా? కుడితి తాగిన గేదెల్లా ఎలా నిగనిగలాడతాయో చూడు అని నాతో అమ్మ గొప్పగా చెప్పింది. నేనూ తపేలా ఒక పక్క పట్టుకుని సాయం పోయేదాన్ని. ఎంత మంచి పని చేస్తున్నామో అనుకునేదాన్ని.

నిగనిగలాడాయి కూడా, కొన్నాళ్ళు. నాన్న చూసి, కంకరకే ఇంత బలమా అని మురిసిపోయాడు. ఆ మురిపెం చూసి అమ్మ పెదవి బిగించుకుని నవ్వు ఆపుకునేది. తర్వాత ఆయన శాఖ పని మీద వేరే జిల్లాకు వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి గుండ్రటి జెముళ్ళు అడుగున నల్లబడి ఉన్నాయి. వేలు పెడితే లోపలికి దిగిపోయింది. కిత్తనారలు వాటి బరువుకు అవే ఒరిగిపోయాయి. ఆ మూలంతా కుళ్ళు కంపు, ఈగలు. మల్లేశన్నను నిలబెట్టి అడిగితే ఆయన దాచలేదు. "అమ్మ పొయ్యమంటే పోసిన సార్. పాణమున్న చెట్టాయె, ఎండల చూస్కుంట ఎట్లుంటం?" అన్నాడు. నాన్న ఆయన్ని పనికి పంపేసి, రాళ్ళ మీద కాసేపు కూర్చుండిపోయాడు. నేను దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను, దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మ పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. నేను ముందుగదిలో పుస్తకం ముందేసుకుని ఉన్నాను. "నీకు వెళ్ళిపోవాలనుంటే నోటితో చెప్పాల్సింది రత్నం. మొక్కల్ని చంపక్కర్లేదు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అమ్మ తలెత్తకుండా గోంగూర వలుస్తూనే ఉంది. నీళ్ళు మోసినదాన్ని నేనూ ఉన్నాను కదా, అమ్మ ఎంత ప్రేమగా పోసిందో నా కళ్ళతో చూశాను కదా! అలాంటి మనిషిని పట్టుకుని అంత మాట అంటాడా? అక్కడ ఉండలేక పెరటి గుండా వరలక్ష్మి గారింటికి పరిగెత్తాను. ఆ రోజు నుంచి నాన్న మీద నాకు ఒక ముల్లు దిగింది. ఆయన నన్ను చదివించాడు, నా పెళ్ళి ముచ్చటగా చేశాడు, చివరి రోజుల్లో మంచాన పడితే నేనే అన్నీ చూసుకున్నాను. కానీ ఆ ముల్లు మాత్రం తీసెయ్యలేదు. అమ్మను అంత మాటన్న మనిషి అన్నది ఎక్కడో ఒక మూల ఉండనే ఉంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ వరలక్ష్మి గారింటికి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. జరిగింది చెప్పుకోవడానికేమో అనుకున్నాను. గుమ్మంలో నిలబడి తలెత్తిన అమ్మ ఇంక లోపలికి రాలేదు. వాళ్ళ వీధి గుమ్మానికి దిష్టి కోసం కలబంద తలకిందులుగా వేలాడగట్టి ఉంది. వేళ్ళు పైకి, ఆకులు కిందికి. ఆ ఆకులు మళ్ళీ వెలుగు కోసం పైకి ఒంపు తిరిగాయి. మధ్యలోంచి ఒక పూలకాడ కూడా పైకి లేస్తోంది. అమ్మ అడగడం, ఆవిడ చెప్పడం నాకు బాగా గుర్తు. దీనికి నీళ్ళెవరు పోస్తారు అంటే ఎవరూ పొయ్యరన్నారు. మట్టి అంటే మట్టెక్కడిది, తాడే కదా అన్నారు. మేం క్రైస్తవులం, మా గుమ్మాలకు ఇలాంటివి కట్టం కాబట్టి అమ్మ అంతకుముందెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. పైగా ఆ ఆచారం మీద వరలక్ష్మి గారిని ఆటపట్టించేది కూడా. ఇప్పుడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇది నాకిస్తారా అని అడిగింది.

వరలక్ష్మి గారు గతుక్కుమన్నారు. దిష్టికి కట్టింది మధ్యలో విప్పకూడదు, అమావాస్య నాడు విప్పి కొత్తది కడతాం, పాతదాన్ని ఎవరూ తొక్కని చోట పారేస్తాం, ఇంట్లో వాళ్ళమే దాన్ని ముట్టుకోవడానికి జంకుతాం, మీకెలా ఇవ్వనండీ అన్నారు. ఇంటి మీద పడ్డ చెడు చూపులన్నీ అందులో ఉంటాయని వాళ్ళ నమ్మకం. "మాకా పట్టింపు లేదు కదండీ. మీరు పారేసేది నా చేతిలో పారెయ్యండి" అంది అమ్మ. అమావాస్యకు ఎంతో దూరం లేదు. ఆ రోజు పొద్దున్నే అమ్మ ఒక గంప పట్టుకుని అమీర్‌పేట వీధుల్లో ఇంటింటికీ తిరిగింది. వెనక నేను. దిష్టి కలబందలు ఇవ్వండమ్మా అని అడిగే క్రైస్తవురాలిని ఆ వీధుల్లో ఎవరూ చూసి ఉండరు. కొందరు నవ్వారు, కొందరు దండం పెట్టి మరీ గంపలో వేశారు. ఎర్రగడ్డ దాకా కబురు పోయి, అక్కడి నుంచి సైకిలు మీద తెచ్చిచ్చినవాళ్ళున్నారు. మల్లేశన్న మాత్రం గంప వైపు కన్నెత్తి చూడలేదు. "గవి నేను ముట్టనమ్మా. నాకు పిల్లలున్నరు" అన్నాడు. పాపం, గుంటల్లోంచి పేడమట్టి తోడేసి మళ్ళీ కంకర నింపడం మాత్రం ఒళ్ళు వంచి చేసిపెట్టాడు. కలబందలన్నీ అమ్మా నాన్నా నాటారు. పక్కపక్కన వంగి పని చేస్తున్నారే గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూడలేదు. నేనున్నానని మాట్లాడుకోలేదని ఇప్పుడనిపిస్తుంది.

ఇక చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. రత్నమ్మ దిష్టి సామాన్లు మోసుకెళుతోందని ఎవరో పాస్టరు గారికి చేరవేశారు. ఆయన్ని మేం అయ్యగారంటాం. ఆయన వచ్చి తోటంతా చూసి, మెల్లగా అడిగితే అమ్మ మెల్లగానే జవాబిచ్చింది. ఏ గుమ్మానికి వేలాడిందో మొక్కకు తెలీదండి అంది. అయ్యగారు గట్టిగా నవ్వేశారు. మర్నాడు ఆయనే మా సమాధుల తోటలో రాతి పగుళ్ళలో వాటంతటవే మొలిచిన బిళ్ళగన్నేరు మొలకలు తీయించి పంపించారు. తెల్లవీ గులాబీవీ. ఇప్పుడు హడలిపోవడం వరలక్ష్మి గారి వంతైంది, సమాధుల మీది మొక్కలా అని. వాటిని ఆవిడ ఎన్నాళ్ళో ముట్టుకోలేదు. అలా వాళ్ళు ముట్టనివీ, మేం కట్టనివీ కలిసి ఆ రాళ్ళ సందుల్లో వేళ్ళూనుకున్నాయి. తలకిందులుగా వేలాడి వేలాడి ఒంకర్లు పోయిన కలబందలు నేల తగలగానే మళ్ళీ నిటారుగా తిరగడానికి పడ్డ పాట్లు చూస్తే నవ్వొచ్చేది, ముద్దూ వచ్చేది.

మొదటి మబ్బులు పట్టిన సాయంత్రం డైరెక్టరు గారు గొడుగుతో వచ్చారు. నిజం చెప్పాలంటే ఆ మూల అప్పటికింకా గొప్పగా ఏమీ లేదు. బెంగుళూరు జెముళ్ళ అందం కలబందకెక్కడిది? కానీ జనం ఉన్నారు. మొక్క ఇచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ తమది బతికిందో లేదో చూసుకోవడానికి రోజూ వచ్చేవాళ్ళు. ఇంటి మీది కీడు మోసిన మొక్క బతికితే ఇంటికి మంచిదని వాళ్ళలో వాళ్ళే ఒక కొత్త నమ్మకం పుట్టించుకున్నారు కూడా. ఒక పెద్దావిడను ఏం చూస్తున్నారని డైరెక్టరు గారు అడిగితే, మా గుమ్మం కలబందండీ, అదిగో ఆ మూడో బండ పక్కన, చిగురు పెట్టింది అని వేలు పెట్టి చూపించింది. ఆయన గొడుగు మడిచి చంకలో పెట్టుకుని చాలాసేపు తిరిగారు. వెళుతూ వెళుతూ నాన్నతో, ఉండనివ్వండి అన్నారు. తర్వాతి అమావాస్యకు వాళ్ళింటి కలబంద డ్రైవరు చేతికిచ్చి పంపించారు. కాకినాడ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పంతం పట్టి, తన మీద పడ్డ నింద తుడుచుకోవడానికి అమ్మ ఆ తోటను నిలబెట్టిందనీ, అందుకు తన ఊరినే వదులుకుందనీ నేను అర్థం చేసుకున్నాను. ఇన్నేళ్ళూ అదే నమ్ముకున్నాను.

బోర్డు పెట్టిన మర్నాడు అమ్మను ఆటోలో తీసుకెళ్ళాను. ఇప్పుడు అమ్మ నా దగ్గరే, అమీర్‌పేటలోనే మైత్రీవనం వెనక వీధి ఫ్లాట్లో ఉంటోంది. అమ్మకు నడక తగ్గింది, మాట తగ్గలేదు. దారి పొడుగునా హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, జెరాక్స్ కొట్లు, నెత్తి మీద మెట్రో. మా రోజుల్లో అయితేనా అని నిట్టూర్చేవాళ్ళంటే నాకు చిరాకు. మా రోజుల్లో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, గోడలు తూటాలకు అదిరేవి. అయినా లోపలికి వెళ్ళేముందు కాస్త భయపడ్డాను, ఏం మిగిలి ఉంటుందోనని. మిగలడమేమిటి, కలబందలు పిలకలు వేసి వేసి బండల చుట్టూ పొదలైపోయాయి. బిళ్ళగన్నేరు పగులున్న చోటల్లా ఎగబాకింది. రాళ్ళ మీద నీడ పడ్డ చోటల్లా పిల్లలు, ఆడా మగా, ఒళ్ళో లావు లావు పుస్తకాలు పెట్టుకుని చదువుకుంటున్నారు. హాస్టల్ గదుల్లో గాలాడదట, ఇక్కడైతే చదివింది బుర్రకెక్కుతుందట, ఒకమ్మాయి చెప్పింది. ఏ ఊరమ్మా అంటే ఆసిఫాబాద్ అంది. ఇంకొకడు పాలకొల్లు. ఎక్కడెక్కణ్ణుంచో వచ్చిన పిల్లలు ఆ బండల మీద ఒకరి వీపుకొకరు ఆనుకుని కూర్చుంటే చూడటానికి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

శ్రావణి వచ్చి అమ్మకు నమస్కారం చేసి, బోర్డు మీది నాలుగు లైన్లూ పైకి చదివి వినిపించింది. సూపర్‌వైజరు ప్రకాశరావు, ఆయన భార్య రత్నమ్మ, ఇరుగుపొరుగు కలిసి చేసిన తోట అని. అంతా విని అమ్మ, అంతకుముందు పెట్టినవి నీళ్ళెక్కువై చచ్చాయని కూడా రాయాల్సింది అంది. శ్రావణి నవ్వి, ఇంకెవరో పిలిస్తే వెళ్ళింది. మేమిద్దరమే మిగిలాం. ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. నాన్న ఆ రోజు నిన్ను అంత మాట అనకుండా ఉండాల్సిందమ్మా అన్నాను.

ఏ మాటే అంది. చెప్పాను, వంటింటి గుమ్మంలో విన్నది విన్నట్టు. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని రాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"నువ్వు అక్కడిదాకే విని పారిపోయావు. ఆయనన్నది నిజమే కదే" అంది. "మొదట్లో తెలీకే పోశాను. రైతు బిడ్డని, వేరు కుళ్ళితే ఆకెలా ఉంటుందో నాకు తెలీదా? మెత్తబడ్డం మీ నాన్న కంటే ముందు నేనే చూశాను. చూశాక కూడా పోశాను. పోతే పోతాయి, మనూరు పోవచ్చనే పోశాను. ఆ రోజు గోంగూర పక్కన పెట్టి ఇదంతా చెప్పేశాను ఆయనకి."

మరి నాన్న ఏమన్నాడని అడిగాను.

"కొళాయి దగ్గరికెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. కోప్పడతారని చూస్తన్నాను. ఆయనేమో, 'అయితే ఇప్పుడు అక్కడ ఏం పెడదాం రత్నం?' అనడిగారు. మొక్కలన్నీ చంపినదాన్ని కూర్చోబెట్టి, నన్నే అడిగారే అమ్మాయ్. అలాంటి మనిషిని పట్టుకుని ఇంకా కాకినాడ, కాకినాడ అంటానా?"

ఏడుపొచ్చింది. అమ్మ మీద కాదు. నాన్న మంచాన ఉన్నప్పుడు ఎన్ని సాయంత్రాలు ఆయన పక్కన కూర్చున్నానో, ఆ ముల్లు లోపల పెట్టుకునే కూర్చున్నాను కదా, అదీ ఏడుపు. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాను, కాస్త కోపంగానే.

"నువ్వెప్పుడడిగావు?" అంది అమ్మ.

అంతే కదా. ఎప్పుడూ అడగలేదు. ఆటో పిలిచి అమ్మను ఎక్కించి, పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రేపు కూడా వద్దామా అన్నాను. అమ్మ సరేనంది. నా దగ్గర అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.